గ్వామ్ గురించి ఎవరికైనా తెలుసా? అమ్మానాన్న హైదరాబాద్ నుంచి, అన్నయ్య డాలస్ నుంచి వెళ్ళి అక్కడ కలుద్దామని ప్లాన్

నిజాంపేట్_చెల్లి:

అందరికీ నమస్తే. కొంచెం తిక్క ప్రశ్నే కానీ ఓపిగ్గా చదవండి ప్లీజ్. మా అన్నయ్య డాలస్‌లో హెచ్1బి వర్క్ వీసా మీద ఉన్నాడు, పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ డేట్ అయిపోయింది, ఎక్స్‌టెన్షన్ అప్రూవల్ మాత్రం చేతిలో ఉంది. ఇండియా వస్తే మళ్ళీ స్టాంపింగ్‌కి, అంటే పాస్‌పోర్ట్‌లో కొత్త వీసా వేయించుకోవడానికి కాన్సులేట్‌కి వెళ్ళాలి, స్లాట్ దొరక్కపోతే ఇక్కడే ఇరుక్కుపోతానని భయం, అందుకే రావట్లేదు. అమ్మానాన్నకి పదేళ్ళ విజిటర్ వీసా ఉంది కానీ నాన్నకి మోకాళ్ళ నొప్పులు, డాలస్ దాకా అంతసేపు కూర్చోవడం నా వల్ల కాదు అంటున్నారు.

మొన్న అన్నయ్య ఫ్రెండ్ ఎవరో "అందరూ గ్వామ్‌లో కలవండి, అది పసిఫిక్‌లో అమెరికా దీవే, ఆసియా పక్కనే ఉంటుంది" అన్నాడంట, అప్పట్నుంచి ఇంట్లో అదే లొల్లి. నాన్న పాత అట్లాస్ ముందు వేసుకుని భూతద్దంతో వెతుకుతున్నారు, అమ్మేమో అక్కడ అన్నం దొరుకుతుందా అని ఒకటే గోల. నాకు తెలియాల్సింది ఏంటంటే, అమ్మానాన్నకి ఉన్న వీసా సరిపోతుందా, అన్నయ్య స్టాంప్ లేకుండా నిజంగా వచ్చి మళ్ళీ వెళ్ళిపోగలడా, హైదరాబాద్ నుంచి ఎలా వెళ్ళాలి, ఏ నెలలో వెళ్తే మంచిది, డబ్బులు, ఫోన్లు, కరెంటు ప్లగ్గులు ఇవన్నీ ఎలా. అమ్మ ప్యూర్ వెజ్, గుడ్డు కూడా ముట్టదు. నెట్‌లో చూస్తే అన్నీ జపాన్ వాళ్ళకి, కొరియా వాళ్ళకి రాసినవే ఉన్నాయి, మన వాళ్ళు రాసింది ఒక్కటీ కనపడలేదు.

స్టాంపింగ్_బాధితుడు:

తిక్క ప్రశ్న ఏం కాదమ్మా, నాలాంటి వాళ్ళు చాలామంది మనసులో అనుకునేదే. ముందు అసలు పాయింట్. ఇమిగ్రేషన్ చట్టంలో "యునైటెడ్ స్టేట్స్" అంటే 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ మాత్రమే కాదు, ప్యూర్టో రికో, యూఎస్ వర్జిన్ ఐలాండ్స్, గ్వామ్, 2009 నవంబర్ నుంచి సైపాన్ ఉండే నార్తర్న్ మరియానా దీవులు కూడా అందులోనే. అమెరికన్ సమోవా మాత్రం కాదు, పేరులో అమెరికా ఉంది కదా అని అటు పోవద్దు. అంటే మీ అన్నయ్య హోనోలులు మీదుగా డైరెక్ట్‌గా గ్వామ్ వచ్చి, మళ్ళీ హోనోలులు మీదుగానే వెనక్కి పోతే అమెరికా దాటి బయటికి పోయినట్టు కాదు. బయటికి పోలేదు కాబట్టి తిరిగి లోపలికి రావడానికి కొత్త స్టాంప్ అడిగే పని లేదు.

కానీ ఇందులో మెలిక ఉంది. గ్వామ్ నుంచి హవాయి ఫ్లైట్ ఎక్కే ముందు గ్వామ్ ఎయిర్‌పోర్ట్‌లోనే సీబీపీ, అంటే అమెరికా బోర్డర్ అధికారులు పేపర్లు చూస్తారు, డాలస్ నుంచి హ్యూస్టన్ పోయినంత ఈజీ కాదు. పాస్‌పోర్ట్ వ్యాలిడ్‌గా ఉండాలి, ఐ-797 (ఎక్స్‌టెన్షన్ అప్రూవల్ నోటీసు) ఒరిజినల్, దాని కిందే ఉండే కొత్త ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో రాసి ఉండేది), ఈ మధ్య పే స్టబ్స్ (జీతం స్లిప్పులు), అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టుకోమను. ఫోన్‌లో ఫొటోలు ఉన్నాయిలే అంటే కుదరదు. ఇంకోటి, లాప్‌టాప్ తెచ్చుకుని అక్కడ కూర్చుని పని చేసేస్తా అనుకుంటే ముందు కంపెనీ లాయర్ని అడగాలి. హెచ్1బి పని చేసే చోటుకి ముడిపడి ఉంటుంది, ఎందుకొచ్చిన గొడవ, హాయిగా లీవ్ పెట్టుకోమను.

టికెట్ బుక్ చేసేటప్పుడు ఇంకా జాగ్రత్త. సైట్‌లో డాలస్ టు గ్వామ్ కొడితే సగం ఆప్షన్లు టోక్యో మీదుగానో సియోల్ మీదుగానో చూపిస్తుంది, వాటిల్లో రేటు కూడా ఒక్కోసారి తక్కువే ఉంటుంది. అవి ఎక్కాడంటే దేశం దాటేసినట్టే, గ్వామ్‌లో దిగినప్పుడు స్టాంప్ ఏదీ అంటారు. హోనోలులు నుంచి గ్వామ్‌కి "ఐలాండ్ హాపర్" అని యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వాళ్ళదే ఇంకో ఫ్లైట్ ఉంది, మజురో, క్వాజలీన్, కోస్రే, పోన్పే, చూక్ అన్నీ ఆగుకుంటూ పోతుంది, సరదాగా ఉంటుందని యూట్యూబ్ వాళ్ళు తెగ మోస్తారు. అది మార్షల్ ఐలాండ్స్, మైక్రోనేషియా దేశాల మీదుగా పోతుంది, రెండూ స్వతంత్ర దేశాలు. మీ అన్నయ్యకి అది వద్దే వద్దు. నాన్‌స్టాప్ ఒక్కటే.

నేను లాయర్ని కాదు, డబ్బులు కట్టే ముందు వాళ్ళ కంపెనీ అటార్నీకి ఒక మెయిల్ పెట్టి ఫలానా రూట్ అని రాసి అడగమను.

ఉప్పల్_భాయ్:

చెల్లె ఏమనుకోకు గానీ గింత పరేషాన్ ఎందుకు? గ్వామ్ పోయే పైసలతోని బ్యాంకాకో బాలీయో మంచిగ తిరిగి రావచ్చు. ఈడ మన ట్రావెల్స్ వాళ్ళని గ్వామ్ ప్యాకేజీ అడిగితే "గోవానా సార్" అంటరు. ఆ దీవిల సగం మిలటరీ బేస్‌లే అంట కదా, ఏముంటది చూడనీకి?

నిజాంపేట్_చెల్లి:

అన్నా అన్నయ్య బ్యాంకాక్ వస్తే మళ్ళీ అమెరికా లోపలికి పోవడానికి స్టాంప్ కావాలి కదా, అదే కదా బాధంతా. నాలుగేళ్ళ నుంచి కొడుకుని చూడలేదు మా అమ్మ, బీచ్ కోసం కాదు ఈ తంటా.

ఉప్పల్_భాయ్:

గట్లనా, ఇప్పుడు సమజైంది. అయితే పోవాల్సిందే, అమ్మ కోసం ఎంత దూరమైతే ఏంది.

సైనిక్‌పురి_ఆంటీ:

అమ్మాయ్, నేను మావారితో కలిసి వెళ్ళొచ్చాను, పెద్దవాళ్ళ కోణంలో చెప్తాను విను. మిలటరీ బేస్‌లు ఉన్న మాట నిజమే, ఉత్తరాన ఆండర్సన్ ఎయిర్ బేస్, పడమర తీరాన నేవీ వాళ్ళది, అటువైపు మనల్ని రానివ్వరు, అయినా మనకి అక్కడేం పని. దీవి మొత్తం పొడవు ఒక 48 కిలోమీటర్లు, జనాభా 2020 లెక్కల్లో 1,53,836. హోటళ్ళన్నీ దాదాపు టుమాన్ బే చుట్టూ, ఎయిర్‌పోర్ట్ నుంచి దగ్గరే. ఆ టుమాన్ నీళ్ళు చూస్తే మీ నాన్నగారికి మోకాళ్ళ నొప్పి గుర్తుండదు, ఒడ్డు నుంచి చాలా దూరం దాకా లోతు లేదు, పగడపు దిబ్బ అడ్డంగా ఉండి అలల్ని ఆపేస్తుంది, పెద్దవాళ్ళు మోకాలి లోతులో నిలబడి చేపలు చూడొచ్చు. అడుగున పగడాలు గుచ్చుకుంటాయి, రబ్బరు బూట్లు కొనుక్కోండి. ఆ దిబ్బ అంచు దాటి మాత్రం ఎవ్వరూ వెళ్ళకూడదు, అవతల లాగేసే ప్రవాహం, ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా ప్రాణాలు పోగొట్టుకుంటుంటారు అక్కడ. మీ అన్నయ్యకి ముందే చెప్పు, కుర్రాళ్ళు ఆగరు.

వాతావరణం అంటావా, మన తిరుపతి, గ్వామ్ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, 13 డిగ్రీల పైచిలుకు. కానీ చుట్టూ సముద్రం కదా, ఏడాది పొడుగూనా 24 నుంచి 31 డిగ్రీల మధ్యే ఉంటుంది, చలి లేదు, మన మే నెల ఎండ లేదు, ఉక్క మాత్రం ఉంది. జనవరి నుంచి జూన్ దాకా పొడి కాలం అంటారు, జూలై నుంచి నవంబర్ దాకా వానలు. పొడి కాలం అన్నారని గొడుగు మానేయకండి, ఎండలోనే ఒక జల్లు కొట్టి పోతుంది. తుఫాన్లు ఏ నెలలోనైనా రావచ్చు, 2023 మే నెలలో మావార్ అని పెద్దదే వచ్చి దాదాపు దీవి మొత్తం కరెంటు లేకుండా, చాలా చోట్ల నీళ్ళు లేకుండా చేసింది, ఎయిర్‌పోర్ట్ కూడా కొన్ని రోజులు మూసేశారు. మే పొడి కాలమే, అయినా వచ్చింది చూడు. సంక్రాంతి అయ్యాక ఫిబ్రవరి, మార్చి నా ఓటు. జూలై 21 వాళ్ళకి పెద్ద పండగ, లిబరేషన్ డే, ఊరేగింపు బాగుంటుంది కానీ వానలు.

తిండి సంగతి. చమోరో వాళ్ళు, అంటే ఆ దీవి సొంత జనం, మాంసం బాగా తింటారు, స్పామ్ అని డబ్బా మాంసం అయితే అన్నింట్లో వేస్తారు. అమ్మ జాగ్రత్తగా ఉండాల్సింది రెడ్ రైస్ దగ్గర. చూడ్డానికి ఎర్రగా, అచోటే గింజల రంగుతో వండిన అన్నం, వెజ్ లాగే కనపడుతుంది, చాలా చోట్ల అందులో బేకన్ ముక్కలు వేస్తారు, అడక్కుండా తినొద్దు. కెలాగ్వెన్ అని నిమ్మరసం, కొబ్బరి, మిర్చి కలిపి చేస్తారు, అది చికెనో రొయ్యలో, అమ్మకి పనికిరాదు. వంకాయ కాల్చి కొబ్బరిపాలు, నిమ్మరసం వేసి చేసేది ఒకటి ఉంది, దొరికితే వదలొద్దు, మన కాల్చిన వంకాయ పచ్చడికి చెల్లెలే. తితియాస్ అని రొట్టెలు ఉంటాయి. ఫినాదెనీ అని సోయా సాస్‌లో నిమ్మకాయ, ఉల్లిపాయ, చిన్న చిన్న మిరపకాయలు వేసిన నీళ్ళ చట్నీ ప్రతి టేబుల్ మీదా ఉంటుంది, ఆ మిరపకాయలు బుజ్జివే కానీ గుంటూరు వాళ్ళం మాకే కళ్ళు చెమర్చాయి.

నా సలహా అయితే వంటగది ఉన్న రూమ్ తీసుకోండి. బియ్యం, కూరగాయలు, పెరుగు అన్నీ సూపర్‌మార్కెట్లో దొరుకుతాయి, రేట్లు ఎక్కువే, ఎక్కువ సరుకు ఓడల్లో వస్తుంది కాబట్టి. కుళాయి నీళ్ళు తాగొచ్చు.

అమీర్‌పేట్_టికెట్స్:

మేడమ్, రూట్ నేను చెప్తా, టికెట్లు కొట్టడమే నా పని. శంషాబాద్ నుంచి గ్వామ్‌కి డైరెక్ట్ లేదు, ఒక్క హాల్ట్‌తో కూడా కష్టం, మామూలుగా రెండు హాల్టులు పడతాయి. సింగపూర్ లేదా బ్యాంకాక్, అక్కడి నుంచి మనీలా, మనీలా నుంచి గ్వామ్. ఇంకో దారి టోక్యో మీదుగా, లేదంటే సియోల్ మీదుగా. మొత్తం టైమ్ చూస్తే డాలస్‌తో పోలిస్తే మీరు అనుకున్నంత తేడా రాదు, వెయిటింగ్ కలుపుకుంటే ఒక రోజు పోయినట్టే. కాకపోతే మనీలా దారిలో ఒక్కో ఫ్లైట్ నాలుగు గంటలు అటూ ఇటూ ఉంటుంది, మధ్యలో దిగి నడవొచ్చు, మోకాళ్ళ నొప్పులకి పద్నాలుగు గంటలు ఒకే సీట్లో మడుచుకుని కూర్చోవడం కంటే ఇదే మేలు. వీల్‌చెయిర్ టికెట్‌తో పాటే రిక్వెస్ట్ పెట్టించండి. అసలు కష్టం మీ బ్రదర్‌కి, డాలస్ నుంచి హోనోలులు ఎనిమిది గంటలు, మళ్ళీ అక్కడి నుంచి గ్వామ్ ఇంకో ఎనిమిది.

రెండు విషయాలు గట్టిగా పట్టుకోండి. ఒకటి, మొత్తం ఒకే పీఎన్ఆర్, అంటే ఒకే బుకింగ్ మీద ఉండాలి. చీప్ అని ముక్కలు ముక్కలుగా కొంటే మనీలాలో సామాను తీసుకోవడానికి బయటికి రావాలి, అక్కడ ఇమిగ్రేషన్, టెర్మినల్ మార్పు, పెద్దవాళ్ళతో నరకం. రెండు, టోక్యోలో రెండు ఎయిర్‌పోర్టులు, హనేడా, నరీతా. గ్వామ్ ఫ్లైట్లు ఎక్కువగా నరీతా నుంచి. ఇండియా నుంచి పోయే కొన్ని ఫ్లైట్లు హనేడాలో దింపుతాయి, ఒక దాని నుంచి ఇంకో దానికి పోవాలంటే జపాన్ లోపలికి వెళ్ళాలి, దానికి జపాన్ వీసా కావాలి. సైట్‌లో చూస్తే రెండూ "టోక్యో" అనే ఉంటుంది, కింద చిన్న అక్షరాలు చూడాలి.

పేరెంట్స్ విజిటర్ వీసా (బి1 బి2) గ్వామ్‌కి చెల్లుతుంది, వేరే వీసా అక్కర్లేదు. గ్వామ్‌కి వీసా లేకుండా 45 రోజులు ఉండొచ్చని ఎక్కడైనా చదివితే అది మనకి కాదు, ఆ లిస్టులో ఇండియా లేదు. వీసా లేనివాళ్ళు మామూలు అమెరికా వీసా లాగే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి పోవాల్సిందే.

నిజాంపేట్_చెల్లి:

బాబోయ్ ఎంత హెల్ప్ చేశారో అందరూ, నాన్నకి చదివి వినిపించా, తిరుపతి అక్షాంశం అన్నదగ్గర మాత్రం అట్లాస్ మళ్ళీ తెరిచి స్కేల్ పెట్టి చూసుకుని "కరెక్టే" అన్నారు. స్టాంపింగ్ అన్నా, అన్నయ్య అటార్నీకి మెయిల్ పెట్టాడు. ఫిబ్రవరి అనుకుంటున్నాం. ఇంకా కొన్ని డౌట్స్. అమ్మ ఎలక్ట్రిక్ కుక్కర్, ఆవకాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు అన్నీ సర్దేస్తోంది, తీసుకెళ్ళొచ్చా? కారు తీసుకోవడం తప్పదా? నాన్న అక్కడ చూడ్డానికి చరిత్ర ఏమైనా ఉందా అని అడుగుతున్నారు, రిటైర్డ్ సోషల్ మాస్టారు ఆయన.

సైనిక్‌పురి_ఆంటీ:

కుక్కర్ ఇంట్లోనే పెట్టించు. అక్కడ కరెంటు 110 వోల్టులు, మనది 230, మన కుక్కర్ అక్కడ సరిగ్గా వేడెక్కదు. ప్లగ్గులు అమెరికావి, రెండు చదును పిన్నులు. ఫోన్ ఛార్జర్ల మీద 100 నుంచి 240 అని రాసి ఉంటుంది, వాటికి అడాప్టర్ చాలు. కుక్కర్ అక్కడే చిన్నది కొనుక్కుని వచ్చేటప్పుడు అన్నయ్యకి ఇచ్చేయండి, డాలస్‌లో పనికొస్తుంది.

పచ్చళ్ళ సంగతి వేరు. ఇమిగ్రేషన్‌కి గ్వామ్ అమెరికానే కానీ కస్టమ్స్‌కి కాదు, వాళ్ళకి సొంతంగా కస్టమ్స్, క్వారంటైన్ ఏజెన్సీ ఉంది, అమెరికా కస్టమ్స్ పరిధిలోకి గ్వామ్ రాదు. దిగగానే డిక్లరేషన్ నింపాలి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, తమలపాకులు, విత్తనాలు, మొక్కలు ఇలాంటివి పెట్టొద్దు. కొట్లో కొన్న సీల్డ్ ప్యాకెట్ పచ్చళ్ళు, పొడులు పెట్టుకోండి, ఫారంలో తిండి పదార్థాలు ఉన్నాయని రాసేయండి, అడిగితే తీసి చూపించండి. రాయకుండా దొరికితేనే గొడవ. వాళ్ళ జాగ్రత్తకి కారణం ఉంది తల్లీ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిలటరీ సామానుతో పాటు బ్రౌన్ ట్రీ స్నేక్ అని ఒక పాము దీవిలోకి వచ్చి, అడవి పిట్టల్ని దాదాపు అన్నింటినీ తినేసింది. అడవిలోకి వెళ్తే పిట్ట కూత వినపడదు, సాలెగూళ్ళు మాత్రం ఎక్కడ చూసినా. భయపడకండి, రాత్రిపూట తిరిగే పాము, మనుషుల జోలికి పెద్దగా రాదు, అన్ని రోజుల్లో మాకు ఒక్కటీ కనపడలేదు.

నాన్నగారికి చరిత్ర బోలెడు. 1521లో మెగలాన్ దిగింది దక్షిణాన ఉమాటాక్ అనే ఊళ్ళోనని చెప్పుకుంటారు, ఆ పైన కొండ మీద స్పెయిన్ వాళ్ళ కోట సోలెడాడ్, అక్కడి నుంచి సముద్రం చూస్తే కదలబుద్ధి కాదు, కారు దగ్గరిదాకా వెళ్తుంది కాబట్టి మెట్ల బాధ లేదు. మూడు వందల ఏళ్ళు స్పెయిన్ ఏలుబడి, 1898 యుద్ధంలో అమెరికా లాక్కుంది, 1941 డిసెంబర్‌లో జపాన్ ఆక్రమించింది, 1944 జూలై 21న అమెరికా సైన్యం మళ్ళీ దిగింది. 1950లో అక్కడివాళ్ళకి అమెరికా పౌరసత్వం ఇచ్చారు, అయినా దీవిలో ఉన్నంతవరకు ప్రెసిడెంట్ ఎన్నికల్లో వాళ్ళ ఓటు లెక్కలోకి రాదు, కాంగ్రెస్‌లో ఉండే ప్రతినిధికి సభలో చివరి ఓటింగ్‌లో ఓటు లేదు. మావారు అక్కడి ట్యాక్సీ అతనితో దీని మీద గంటసేపు మాట్లాడారు, నేను మీటర్ చూసుకుంటూ కూర్చున్నా.

ఇంకో కథ మాస్టారికి బాగా నచ్చుతుంది. షోయిచి యోకోయి అనే జపాన్ సైనికుడు, యుద్ధం అయిపోయినా లొంగిపోకుండా తలోఫోఫో దగ్గర అడవిలో నేలలో గుంత తవ్వుకుని దాక్కున్నాడు, చెట్టు నారతో బట్టలు నేసుకుని, రొయ్యలు, చేపలు, ఎలకలు తిని బతికాడు. 1972 జనవరిలో స్థానికులకి దొరికాడు. అప్పటికి యుద్ధం అయిపోయి పాతికేళ్ళు దాటింది. ఓడిపోయామని ఆయనకి చాలాకాలం క్రితమే తెలుసట, లొంగిపోవడం సిగ్గుచేటు అని బయటికి రాలేదు. జపాన్ వెళ్ళాక "బతికి తిరిగొచ్చినందుకు సిగ్గుపడుతున్నాను" అన్న అర్థంలో మాట్లాడాడు. హగాట్నా, అంటే రాజధాని, అక్కడ లాట్టే రాళ్ళు చూపించు, పాతకాలం చమోరో వాళ్ళ ఇళ్ళ కింద నిలబెట్టిన రాతి స్తంభాలు, పైన టోపీలాగా ఇంకో రాయి.

స్టాంపింగ్_బాధితుడు:

కారు తప్పదు, బస్సులు నమ్ముకోలేం. అన్నయ్యకి టెక్సస్ లైసెన్స్ ఉంటుంది కాబట్టి నడపడం అతనికే వదిలేయండి, రోడ్డుకి కుడివైపు నడపాలి, ఎక్కువ చోట్ల గంటకి 35 మైళ్ళే. అక్కడి రోడ్లలో పగడపు రాయి కలుస్తుంది, వాన పడితే సబ్బు రాసినట్టు జారుతుంది, జల్లు మొదలవగానే స్లో చేయమను. డబ్బు అమెరికన్ డాలర్లే, మన యూపీఐని నమ్ముకోకండి, ఫోరెక్స్ కార్డు, కొంచెం క్యాష్. ఫోన్ కోడ్ +1, ఏరియా కోడ్ 671, కానీ అన్ని అమెరికా ప్లాన్లు గ్వామ్‌ని లోకల్‌గా లెక్కపెట్టవు, అన్నయ్య తన ప్లాన్ చూసుకోవాలి. టైమ్ మనకంటే నాలుగున్నర గంటలు ముందు. ఎమర్జెన్సీ 911. అమ్మానాన్నకి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు "ఏషియా" కాదు, అమెరికా కవర్ అయ్యేది తీసుకోండి, ఆసుపత్రి బిల్లులు అమెరికా లెవెల్లోనే ఉంటాయి.

డేట్ లైన్ లెక్క కూడా చూసుకోండి. హవాయికి గ్వామ్ 20 గంటలు ముందు. అన్నయ్య హోనోలులులో శుక్రవారం ఎక్కితే గ్వామ్‌లో శనివారం దిగుతాడు, తిరిగి గ్వామ్‌లో శనివారం పొద్దున్నే ఎక్కితే హోనోలులులో శుక్రవారం సాయంత్రం దిగుతాడు. హోటల్ బుకింగ్‌లు ఇక్కడే తేడా కొడతాయి.

నిజాంపేట్_చెల్లి:

అటార్నీ రిప్లై ఇచ్చాడంట, హోనోలులు నాన్‌స్టాప్ రూట్ అయితే ఓకే అన్నాడు. ఒకవేళ వచ్చేటప్పుడు ఆ ఫ్లైట్ క్యాన్సిల్ అయితే ఏంటి పరిస్థితి?

అమీర్‌పేట్_టికెట్స్:

మంచి ప్రశ్న మేడమ్. క్యాన్సిల్ అయితే సిస్టమ్ ఆటోమేటిక్‌గా తర్వాతి దారి వెతికి పెడుతుంది, గ్వామ్ నుంచి చూస్తే అది చాలాసార్లు నరీతా మీదుగా వస్తుంది. యాప్‌లో "కొత్త ఫ్లైట్ యాక్సెప్ట్ చేయండి" అని మెసేజ్ రాగానే మీ బ్రదర్ నొక్కేయకూడదు. కౌంటర్‌కి పోయి నాకు హోనోలులు మీదుగానే కావాలి, రేపటిది ఇచ్చినా పర్లేదు అని అడగాలి. అందుకే ఆయన లీవ్‌లో చివర ఒకటి రెండు రోజులు ఖాళీ ఉంచమనండి. పేరెంట్స్ రిటర్న్ కూడా ఆయన ఫ్లైట్ ఎక్కాక ఉండేలా పెడదాం, డేట్లు పంపండి.